కాలవ కట్టేసిన నెలన్నర

ఏప్రిల్ సగం గడిచేసరికి మా వైపు కాలవలు కట్టేస్తారు. విజ్జేశ్వరం దగ్గర తలుపులు దించేస్తే కొద్దిరోజుల్లోనే, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వెళ్ళే కాలవ అడుగు బయటపడుతుంది. పూడిక తీయడం, గట్లు వేయడం, లాకుల మరమ్మతులు అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే కానివ్వాలి. మళ్ళీ నీళ్ళు వచ్చేది జూన్ మొదట్లో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ గోదావరి డెల్టాకి కాలవే ఆధారం కాబట్టి, ఆ నెలన్నర ఊళ్ళో సేద్యం పనులన్నీ నెమ్మదిస్తాయి. దాళ్వా కోతలు అయిపోయి ఉంటాయి. సార్వా నారుమళ్ళకి ఇంకా వేళ కాదు. రైతు కాస్త నడుం వాల్చే కాలం అది.

పెరటికి మాత్రం అదే గట్టి పనుల కాలం.

మాది పెంటపాడు. గూడెం దాటి దక్షిణానికి దిగితే వచ్చే పల్లపు ఊరు. గూడేనికి ఉత్తరాన మెట్ట, ఎర్రనేల. ఇటు మాది డెల్టా, నల్లటి బంకమన్ను. నేను బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పెరటి పాఠాలు మాత్రం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఇంటి వెనక ఉన్న కొద్ది సెంట్ల జాగాలో కొబ్బరి చెట్లు, ఒక కొత్తపల్లి కొబ్బరి మామిడి, మునగ, కరివేపాకు, నూతి గట్టు పక్కన అరటి, కంద, బచ్చలి, పందిరి మీద ఆనప, బీర, గోడవారన గోంగూర, బెండ, తోటకూర. వీటన్నిటి మధ్యా తిరుగుతూ కోళ్ళు. ఇవి దేనికది పెంచుకునేవి కావనీ, ఒకదాని మిగులు ఇంకోదానికి తిండి అనీ ఆవిడ ఎప్పుడూ చెప్పేవారు. ఆ మాటకి పరీక్ష ఎండాకాలం చివరి రోజుల్లోనే. నీళ్ళు తగ్గి, ఎండ ముదిరి, పచ్చిమేత కరువై, గాలివానలు మొదలయ్యే ఈ రోజుల్లో పెరట్లో మనం ఏం చేశామన్నదాన్ని బట్టే, సంక్రాంతి దాకా వంటింట్లోకి ఏం వస్తుందో తేలిపోతుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఇదే.

నేలని కప్పి నీళ్ళు పోయాలి

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ 7 దాకా ఉంటుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. మా నల్లమన్ను నిజంగానే పగులుతుంది, చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. బంకమన్ను ఆరేకొద్దీ ముడుచుకుపోయే గుణం కలది. ఆ నెర్రెల్లోంచి అడుగున ఉన్న తడి కూడా పోతుంది, లేతవేళ్ళు పుటుక్కున తెగుతాయి. అందుకని నీళ్ళు పోయడానికి ముందే నేలని కప్పాలి. దాళ్వా గడ్డి అప్పటికి ఇంటికి చేరే ఉంటుంది. పాదుల చుట్టూ బెత్తెడు మందాన గడ్డి, కొబ్బరి పీచు, ఎండిన అరటాకులు పరిచి పైన నాలుగు మట్టిపెళ్ళలు పెడితే గాలికి లేవదు, కోళ్ళు చెదరగొట్టవు, నేల నెర్రెలివ్వదు.

ఇంట్లో వాడిన నీళ్ళు ఒక్క చెంబు కూడా వీధి కాలవలోకి పోనివ్వను. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు ఆకుకూర మళ్ళకి. స్నానాల నీళ్ళు వాలుగా పారి అరటికి, కందకి. గిన్నెలు తోమిన సబ్బునీళ్ళు ఆకుకూరల మీద పోయకూడదు, అవి కొబ్బరి మొదట్లోకి వెళ్ళాలి.

ఆనపకీ బీరకీ మా అత్తగారి పద్ధతి కుండ. కొత్త మట్టికుండని పాదు మధ్యలో మెడ దాకా పాతి, నీళ్ళు నింపి, మూకుడు మూసేయాలి. కాల్చిన మట్టికి కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. చుట్టూ ఉన్న మన్ను ఎంత ఆరితే అంత నీటిని కుండ గోడలోంచి లాక్కుంటుంది, తడిగా ఉంటే లాక్కోదు. వేళ్ళు కుండని చుట్టుకుని పెరుగుతాయి. పైన పోసిన నీళ్ళలా ఎండకి ఆవిరైపోవడం ఉండదు. ఈ పద్ధతి చాలా పాతది. చైనాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో ఫాన్ షెంగ్‌జి రాసిన వ్యవసాయ గ్రంథంలోనే కుండ పాతి దాని చుట్టూ తీగపాదులు పెట్టడం గురించి ఉంది.

ఈ రోజుల్లో అన్నిటినీ బతికించాలని చూడకూడదు. కాపు అయిపోయిన బెండ, వంగ మొక్కలు ఉన్న నీళ్ళు కూడా తాగేస్తాయి. వాటిని పీకి ఎరువుగుంటలో వేయాలి. నిలబెట్టుకోవాల్సినవి నాలుగు: ఏళ్ళ తరబడి ఉండే చెట్లు, అరటి పిలకలు, విత్తనానికి వదిలిన తీగలు, కోళ్ళకి నీడనిచ్చే పందిరి.

పెట్ట ఎందుకు గుడ్డు మానేస్తుంది

మే నెలలో మా వీధిలో ఆడవాళ్ళు నలుగురు కలిస్తే మొదటి మాట ఇదే. "పిన్నిగారూ, మా పెట్ట గుడ్లు మానేసిందండీ, ఏమైనా దిష్టి తగిలిందంటారా?" అని పక్కింటి అమ్మాయి అడుగుతుంది. దిష్టి కాదమ్మా, ఎండ.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టడం తప్ప దానికి పెద్దగా దారి లేదు. అలా రొప్పుతున్నంతసేపూ అది మేత మీదకి పోదు. మేత తగ్గితే గుడ్డు తగ్గుతుంది. పైగా గట్టిగా రొప్పినప్పుడు రక్తంలో ఉన్న బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. గుడ్డు పెంకు తయారయ్యేది ఆ వాయువు, సున్నం కలిసే. అందుకే ఎండాకాలం గుడ్లకి పెంకు పలచబడి, చేత్తో తీస్తుంటేనే చిట్లుతుంది. ఒక్కో పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. అది మేతలో లేకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకి పెడుతుంది. గింజలు మాత్రమే విసిరి, గుడ్లు మాత్రం రోజూ కావాలనుకోవడం ఆ ప్రాణికి అన్యాయం.

చేయాల్సినవి ఖర్చులేని పనులు. నీళ్ళు మట్టిమూకుళ్ళలో పోసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మార్చి, నీడలోనే పెట్టాలి. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకి రెట్టింపు నీళ్ళు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. మేత తెల్లవారుజామునా, పొద్దు వాలాకా వేయాలి. ఎండవేళ తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. వాడిన గుడ్డు పెంకులు ఎండబెట్టి నలిపి, లేదా చెరువు గట్టున దొరికే నత్తగుల్లలు దంచి, విడిగా ఒక చిప్పలో పెడితే పెట్టలు వాటికి కావలసినంత అవే తింటాయి. కొల్లేటి చేపలు కొన్న రోజు తలలు, పొలుసు ఉడికించి వేస్తే మాంసకృత్తులు కూడా అందుతాయి. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఉప్పూ కారం పిండి మాత్రం కోళ్ళకి పారేయొద్దు. ఉప్పు ఎక్కువైతే కోడి చచ్చిపోతుంది.

గూడు పైకప్పు రేకులదైతే మధ్యాహ్నానికి లోపల నిలవడం కష్టం. తాటాకు గాని, పైన గడ్డి పరిచిన రేకు గాని మేలు. మా ఇంట్లో మధ్యాహ్నం కోళ్ళన్నీ అరటి చెట్ల కింద తడిమన్ను గీరుకుని పొట్ట ఆనించి పడుకుంటాయి. స్నానాల నీళ్ళు అరటికి మళ్ళించినందుకు దక్కే రెండో లాభం అది.

పొదగేయడానికి వేళ

పెట్ట పొదుగుకి వచ్చింది కదా అని రోహిణిలో గుడ్లు పెట్టి కూర్చోబెడితే సగం మురిగిపోతాయి. ఉరుములకి మురిగిపోయాయని పెద్దవాళ్ళు అనేవారు. గంపలో ఇనపముక్క, బొగ్గుముక్క పెట్టడం ఇప్పటికీ ఉంది. గుడ్లు పాడయ్యే మాట నిజం, కారణం మాత్రం వేడి. గుడ్డులో పిండం సరిగ్గా ఎదగడానికి కావలసింది 37.5 డిగ్రీల స్థిరమైన వేడి. అంతకన్నా చాలా తక్కువ వేడికే, అంటే ఇరవై డిగ్రీలు కాస్త దాటగానే, ఎదుగుదల నెమ్మదిగా మొదలవుతుంది. మేలో ఇంట్లో పెట్టిన గుడ్డు కూడా ముప్ఫై డిగ్రీలు దాటే ఉంటుంది. పెట్ట కింద పెట్టకముందే పిండం కాస్త కదిలి, అరకొరగా ఎదిగి చనిపోతుంది. తర్వాత ఆ గుడ్డుని ఎన్నాళ్ళు పొదిగినా పిల్ల రాదు.

అందుకని ఈ రోజుల్లో గుడ్లు రోజుకి రెండుసార్లు ఏరాలి. వెడల్పాటి మట్టిపాత్రలో తడి ఇసక పోసి, పైన గోనెగుడ్డ పరిచి, దాని మీద పెడితే తడి ఆరుతున్నంతసేపూ చల్లగా ఉంటాయి. కడగకూడదు. గుడ్డు మీద ఉండే సన్నటి పొర పోతే పెంకు రంధ్రాల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. తినబోయే ముందు అనుమానమొస్తే నీళ్ళలో వేయండి. తాజాది అడుగున పడుకుంటుంది. పాతదైనకొద్దీ లోపల గాలిగది పెద్దదై నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది.

పొదుగుకి వచ్చిన పెట్టని గాలి ఆడే జల్లి గంప కింద, గుడ్లు లేకుండా, మేత, నీళ్ళు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే ఆ వేడి తగ్గి మళ్ళీ గుడ్లకి వస్తుంది. చినుకులు పడి వాతావరణం చల్లబడ్డాక పది పన్నెండు తాజా గుడ్లు పెట్టి పొదగేయండి. 21 రోజులకి పిల్లలు దిగుతాయి. ఏడో రోజు రాత్రి గుడ్డుని టార్చిలైటు మీద పెట్టి చూస్తే, పిల్ల కట్టినదాంట్లో సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కట్టని గుడ్లు తీసేయాలి.

పెంటపోగు తిరగేసే రోజు

తొలకరికి ముందు పొలాలకి పెంట తోలడం డెల్టాలో పాత అలవాటు. మా పెరటి పోగునీ ఆ రోజుల్లోనే తిరగేస్తాం. ఆ పనికి మనిషిని పిలిచే ముందే కోళ్ళని మేత వేయకుండా వదులుతాను. పలుగు పడ్డ ప్రతి చోటా తెల్లగా, లావుగా, చుట్టుకుని పడుకున్న పెంటపురుగులు బయటపడతాయి. అవి కొబ్బరిని పాడుచేసే కొమ్ముపురుగు పిల్లలు. తల్లిపురుగు పెంటలో గుడ్లు పెడుతుంది, పిల్లలు నెలల తరబడి అందులోనే పెరుగుతాయి, తొలి వానలకి రెక్కల పురుగులై కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతాయి. విప్పారిన కొబ్బరాకు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తే అది దాని పనే. మొవ్వు తెగితే చెట్టు పోయినట్టే. ఆ పురుగులు రెక్కలు తొడగకముందే మా పెట్టలు ఏరుకు తినేస్తాయి. పురుగుమందు లేకుండా కొబ్బరికి రక్ష, పైసా ఖర్చు లేకుండా కోడికి మాంసకృత్తులు.

కోళ్ళ ఎరువు గురించి ఒక జాగ్రత్త. పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే కోళ్ళ రెట్టలో సుమారు మూడు శాతం ఉంటుంది. బలమైనది కాబట్టే పచ్చిగా వేస్తే లేత మొక్క మాడిపోతుంది. గూట్లో పరిచిన ఊకతో సహా ఊడ్చి, ఎండాకుల మధ్య పొరలు పొరలుగా వేసి, అప్పుడప్పుడు తడుపుతూ రెండు మూడు నెలలు మగ్గనివ్వాలి. ఫాల్గుణంలో పోగేసింది జ్యేష్ఠానికి తీగపాదులకి సిద్ధమవుతుంది.

విత్తిన మడి మీదకి కోళ్ళు రాకుండా నేను వాడేది చేపల చెరువుల మీద పక్షులకి అడ్డంగా కట్టే వల. కొల్లేటి వైపు చెరువుల వాళ్ళు మార్చేసిన పాత వలలు చవగ్గా దొరుకుతాయి. నాలుగు కర్రలు పాతి చుట్టూ కడితే మొక్క జానెడు ఎదిగేదాకా బెంగ లేదు.

పుంజుకి పేరు, పెట్టకి పని

భీమవరం చుట్టుపక్కల కోడి అంటే సంక్రాంతి పందెం పుంజే గుర్తొస్తుంది. డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల అని ఈకల రంగుని బట్టి పేర్లు, బాదం, జీడిపప్పు మేతలు, నీళ్ళలో ఈతలు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమూ, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం ప్రకారమూ పందేలు నేరం. కత్తి కట్టి రెండు ప్రాణాలని కొట్టించే ఆ ఆట నాకు ఏనాడూ ఇష్టం లేదు. ఆ పుంజుని కన్న అసీల్ పెట్ట మీద మాత్రం నాకు చాలా గౌరవం. గుడ్లు తక్కువే పెడుతుంది. కానీ పొదగడంలో, పిల్లలని కాపాడడంలో దానికి సాటి లేదు. గద్ద నీడ పడితే చాలు, పిల్లలని రెక్కల కింద తోసుకుని తాను ఎదురు నిలబడుతుంది. ముంగిస మీదకి కూడా లంఘిస్తుంది.

గుడ్ల కోసమైతే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికే తయారుచేసిన రకాలున్నాయి. వనరాజా రంగురంగుల కోడి, ఒళ్ళు బాగా చేస్తుంది, ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్లకి ఇంకా మెరుగు, పెరట్లో తిరిగి మేసినా 160 దాటుతుంది. అయితే ఇవి పొదుగుకి సరిగా రావు. అందుకని మా వీధిలో గ్రామప్రియ గుడ్లని అసీల్ పెట్ట కింద పెడతాం. గుడ్డు ఒకరిది, పెంపకం ఇంకొకరిది. రెండు జాతుల మంచీ ఒకే గంపలో కలుస్తుంది. పిల్లలకి మొదటి రెండు వారాలు నూకలతో పాటు చెదలు పెడతాం. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కూరి, చెదలున్న చోట బోర్లిస్తే ఒకటి రెండు రోజుల్లో చెదపురుగులు ఎక్కుతాయి. పొద్దున్నే దులిపితే పిల్లలు ఎగబడి తింటాయి.

వరి పండే నేలకీ కోడికీ ఉన్న చుట్టరికం చాలా పాతది. పెంపుడు కోడి పుట్టుక మీద 2022లో ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన అచ్చయింది. థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్‌లో దొరికిన, క్రీస్తుపూర్వం 1650, 1250 మధ్యకాలపు ఎముకలే ఇప్పటికి తెలిసిన అతి పాత పెంపుడు కోళ్ళవని ఆ పరిశోధకులు తేల్చారు. వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక, రాలిన గింజ కోసం అడవికోడి ఊళ్ళ దగ్గరికి వచ్చి మనిషికి మాలిమి అయిందని వాళ్ళ నిర్ణయం. దాళ్వా కోతల తర్వాత మా కళ్ళాల్లో, ధాన్యం ఆరబోసిన రోడ్ల పక్కన కోళ్ళు ఏరుకునేది ఆ గింజే.

మా తరం ఆడవాళ్ళకి గుడ్ల డబ్బు కొంగున ముడేసుకునే సొంత డబ్బు. పిల్లల పుస్తకాలకి, పండక్కి రవికల గుడ్డకి ఎవరినీ అడగక్కర్లేకుండా చేసింది ఆ గంపే. అందుకే పెరటికోడిని కాలక్షేపం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను.

ఎండని దాచుకునే రోజులు

కాలవ కట్టేసిన రోజుల్లో పెరడు ఇచ్చే పంట తక్కువ. ఆ ఎండని వాడుకుని నిలవచేసేది మాత్రం ఎక్కువ. కొత్త ఆవకాయ మేలో పెట్టేస్తాం. దానికి చెట్టు మీంచి చిక్కంతో కోసిన, దెబ్బ తగలని పుల్లకాయే కావాలి. గాలివానకి రాలిన కాయకి లోపల కమిలి ఉంటుంది. జాడీలో వేస్తే ముక్క మెత్తబడిపోతుంది. రాలినవాటిని ఆ రోజే తరిగి పప్పులోకీ, పులుసులోకీ, ఒరుగులకీ వాడేయాలి. కాయ కాస్త ముదిరాక మాగాయ. చెక్కు తీసి, ముక్కలు ఉప్పు, పసుపుతో ఊరనిచ్చి, పిండి ఎండబెట్టి, ఊటని విడిగా ఎండలో పెట్టి మళ్ళీ కలపాలి. పప్పునూనె, మెంతిపిండి, కారం ఆ తర్వాత. ఉప్పు తగలని తొక్కలు కోళ్ళకి, టెంకలు ఎరువుగుంటకి.

డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు, పుల్లమజ్జిగలో ఊరిన చల్లమిరపకాయలు, ముదిరిన గోరుచిక్కుడు ఒరుగులు వరసగా ఎండుతుంటాయి. ఉక్కపోత మొదలై గాలిలో తేమ పెరిగితే ఇవేవీ సరిగా ఎండవు, బూజు పడతాయి. వాన మబ్బు కమ్మేలోపు డబ్బాల్లోకి ఎక్కిన వడియమే శ్రావణంలో పప్పన్నం పక్కకి వస్తుంది.

విత్తనాల పని కూడా ఇప్పుడే. తీగ మీదే ఎండనిచ్చిన బీరకాయ ఊపితే గలగలమంటుంది. మంచి కాపు ఇచ్చిన పాదు మీద నడిమి కాయని విత్తనానికి వదలాలి, కూరకి కోయకూడదు. ఆనప, దోస, గుమ్మడి గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, కట్టెల పొయ్యి బూడిద కలిపి సీసాలో వేసి మూత బిగించాలి. మృగశిరలో రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక పాదులు పెట్టాలి.

కంద మాత్రం తొలకరి దాకా ఆగదు. మే, జూన్‌లలోనే పాతాలి. ప్రతి ముక్కకీ మొలక వచ్చే భాగం ఉండేలా కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి, ఎరువు వేసిన గుంటలో పెట్టి మీద గడ్డి కప్పాలి. గొంతు దురద పెట్టని గజేంద్ర కంద మన కొవ్వూరు పరిశోధన స్థానంలోనే ఎంపికచేసిన రకం. దేశమంతటా వేస్తున్నారు. ఇప్పుడు పాతితే సంక్రాంతి వేళకి కంద బచ్చలి కూర మన పెరట్లోంచే. మొక్కలు, విత్తనాల విషయంలో అనుమానాలుంటే గూడేనికి దగ్గర్లోనే వెంకటరామన్నగూడెంలో 2007లో మొదలైన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అక్కడే కృషి విజ్ఞాన కేంద్రమూ ఉంది. అడగడానికి వెళ్ళినవాళ్ళకి చెప్పడమే వాళ్ళ పని. వెళ్ళండి.

తొలకరికి ముందే టీకా

పైన చెప్పినవన్నీ చేసి, ఈ ఒక్కటి వదిలేస్తే గూడు ఖాళీ అవుతుంది. కొక్కెర తెగులు. ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర 1926లో గుర్తించిన వ్యాధి, మన దేశంలో రాణిఖేత్ అనే చోట బయటపడి ఆ పేరుతో స్థిరపడింది. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి లాగుతుంది, మెడ మెలితిరుగుతుంది. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా పోతుంది. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది.

పిల్ల పుట్టిన వారం రోజుల్లోపు లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క వేస్తారు. నాలుగో వారంలో ఇంకోసారి. ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబీ అనే సూది రెక్క కింద చేస్తారు. ఆ ఈడులోనే పొక్కుల వ్యాధికి కూడా టీకా ఉంది. పెద్దవాళ్ళు కోడికి అమ్మవారు పోసిందనే ఆ పొక్కులు వైరస్ వల్ల వస్తాయి, దోమలు దాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కిస్తాయి. వానాకాలం దోమలు పెరగకముందే టీకా పడాలి.

కొల్లేరు పక్కన ఉన్నవాళ్ళం కాబట్టి ఇంకో జాగ్రత్త. ఆ సరస్సుకి చలికాలం దూరదేశాల నీటిపక్షులు వస్తాయి. బర్డ్ ఫ్లూ వైరస్‌ని అడవి నీటిపక్షులు, బాతులు పైకి జబ్బు కనపడకుండానే మోయగలవు. కోతల తర్వాత చేలల్లో రాలుగింజ మేపడానికి తోలుకొచ్చే బాతుల మందలు కూడా మా వైపు మామూలే. బాతులు ఈదే గుంటలో నీళ్ళు కోళ్ళకి పెట్టకూడదు, రెండిటినీ ఒకే గూట్లో కట్టకూడదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు, ఉంగుటూరు మండలం బాదంపూడి ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. జబ్బు ఖాయమైన చోటు చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం నిబంధన. అందులో పెద్ద ఫారమనీ, పెరటి గంప అనీ తేడా ఉండదు. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చచ్చిపోతే చేత్తో ముట్టుకోకుండా, కోసి తినకుండా, ఎవరికీ అమ్మకుండా వెంటనే పశువుల డాక్టరుగారికి చెప్పాలి. చచ్చిన కోడిని కాలవలో పారేయడం చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మళ్ళీ నీళ్ళు రాగానే ఆ కాలవే చెరువులు నింపుతుంది, ఆ నీళ్ళే మనం తాగుతాం. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చిపెట్టండి.

టీకా వేయించాలంటే ఒక చిక్కుంది. అది చిన్న సీసాలో పొడిగా వస్తుంది. ఒక్కో సీసా వంద కోళ్ళకో ఇంకా ఎక్కువకో సరిపోతుంది. ద్రావకం కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పనికిరాదు. అయిదు కోళ్ళున్న ఇల్లాలు ఒక్కర్తే సీసా తెచ్చుకోలేదు. అందుకని ఏడాదికోసారి మా వీధిలో ఆడవాళ్ళం ముందే మాట్లాడుకుని, రోజు ఖాయం చేసుకుని, పశువుల ఆసుపత్రిలో చెప్పుకుంటాం. ముందురోజు రాత్రి కోళ్ళని గంపల కింద కమ్మేస్తాం. ఐసు పెట్టిన ఫ్లాస్కులో సీసా వస్తుంది. ఎండ ఎక్కేలోపు వీధి మొత్తానికి అయిపోతుంది. ఒక్క ఇల్లు వదిలేసినా జబ్బు అక్కడ మొదలై అందరికీ వస్తుంది కాబట్టి, కోళ్ళున్న ఏ గడపనీ వదలం.

మీ వీధిలోనూ ఈ పని చేయండి. కాలవకి నీళ్ళు వదిలేలోపు, మృగశిర ప్రవేశించేలోపు, ఇంటికొకరు చొప్పున కూర్చుని కోళ్ళెన్నున్నాయో లెక్క రాయండి. ఆ లెక్క పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళి రోజు అడగండి. ఎరువు తిరగేయడం, కంద పాతడం, విత్తనం ఆరబెట్టడం ఎవరి పెరట్లో వాళ్ళు చేసుకోవచ్చు. టీకా మాత్రం వీధంతా కలిసి వేయించుకోవాల్సిందే.